రెండో టచ్

వాలీబాల్ సెలక్షన్స్ జరిగే మైదానంలో చప్పట్లన్నీ స్మాష్‌కే. కుర్రాడు గాల్లోకి లేచి బంతిని నేలకేసి కొడితే గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఈలలు వేస్తారు. అనుభవమున్న సెలక్టర్ చూపు మాత్రం అంతకు ఒక క్షణం ముందే, ఆ బంతిని లేపిన చేతుల దగ్గర ఆగుతుంది. మూడు టచ్‌ల ఆటలో రెండోది లిఫ్టర్‌ది. ఎంపికలో నిలబడడానికి ఏం కావాలో తెలియాలంటే ఈ ఒక్కడి పనిని దగ్గరగా చూస్తే చాలని నా నమ్మకం.

ఆ పని చేతులతో మొదలవదు. సర్వీస్ అందుకున్నవాడి ముంజేతుల మీంచి బంతి లేవగానే అదెక్కడ దిగుతుందో లెక్కగట్టి, దానికంటే ముందే అక్కడికి చేరి ఆగాలి. పరుగులో ఉండగా లేపిన బంతి ఆ పరుగు వైపే జారిపోతుంది. మంచి లిఫ్టర్ నెట్‌కు దగ్గరున్న కుడి పాదాన్ని కాస్త ముందుకు వేసి, ఛాతీని నెట్ ఎడమ చివరి యాంటెన్నా వైపు తిప్పి నిలబడతాడు. బంతి నుదుటికి కొంచెం పైన, వేళ్ళ కొసల మెత్తని భాగానికి తగులుతుంది. అరచేతికి తగలదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు బరువు మోస్తాయి. మిగతా రెండూ బంతి పక్కకు జారకుండా కాస్తాయి. 260 నుంచి 280 గ్రాముల ఆ బంతి, కాలుతున్న గిన్నె మీది మూత తీసినంత చప్పున చేతులు వదిలి వెళ్ళిపోవాలి. కాస్త ఆగిందా, పట్టుకున్నాడని రిఫరీ ఈల వేస్తాడు. శుభ్రంగా లేచిన బంతికి చప్పుడుండదు. గిర్రున తిరగదు కూడా, దాని మీది రంగులు విడివిడిగా కనిపిస్తాయి.

నాకు ఇంకా ముచ్చటేసేది దాపరికం. ఎదుటికి వేసినా, తల మీంచి వెనక్కి వేసినా ఆఖరి క్షణం దాకా నిలబడే తీరు ఒక్కటే. నడుము ముందే వంగితే అవతలి బ్లాకర్లు అటు పరుగెత్తేస్తారు. వంగకపోతే ఇద్దరు రావలసిన చోటికి ఒక్కడే వస్తాడు, మన అటాకర్‌కు దారి దొరుకుతుంది. చప్పట్లు మాత్రం అతనికే! 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన మన జట్టు పేరెత్తితే జిమ్మీ జార్జ్ ఎగరడం చెబుతారు, పీవీ సింధు తండ్రి పి.వి. రమణ గురించి చెబుతారు. బంతులు అందించిందెవరని అడిగితే చాలామంది తడుముకుంటారు.

పొడుగు లేదని సెలక్షన్స్‌కు వెళ్ళకుండా ఆగిపోయే పిల్లలకు జపాన్ లిఫ్టర్ యొషియె తకెషిత గురించి చెప్పాలి. ఆమె ఎత్తు 159 సెంటీమీటర్లు. మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. 2006 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో జపాన్‌కు పతకం రాలేదు, అయినా టోర్నీ మొత్తానికి అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎంచింది ఆమెనే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టుకూ ఆమే లిఫ్టర్.

అలాగని పొట్టివాళ్ళకు దారి సులువని కాదు. ముందు వరుసలో లిఫ్టర్ సాధారణంగా కుడివైపు నిలబడతాడు. అవతలి జట్టు ఎడమవైపు నుంచి కొట్టే ప్రధాన అటాకర్‌కు సరిగ్గా ఎదురు. అంటే బ్లాక్‌కు లేవక తప్పదు. రొటేషన్‌లో సర్వీస్ కూడా చేయాలి. వేళ్ళ పని మాత్రమే నేర్చుకుని వచ్చినవాడి లోటు ఈ రెండు చోట్ల బయటపడిపోతుంది.

సాధనలో బంతిని గోడకు కొట్టుకోవడం వేళ్ళకు మంచిదే, కాళ్ళకు అదేమీ నేర్పదు. అంతకంటే పనికొచ్చేది బంతిని లేపి వదిలేయడం. ఎవరూ కొట్టకుండా దాన్ని కింద పడనివ్వాలి. నెట్‌కు ఒక మీటరు లోపు, పక్క గీతకు దగ్గరగా పడితే అది కొట్టదగ్గ బంతి. తోటివాడు కావాలనే వంకర పాస్‌లు ఇస్తుండగా, నెట్‌కు మూడు మీటర్ల దూరంలోని గీత అవతలి నుంచి కూడా అదే చోట పడేదాకా ఈ పని సాగాలి. వేళ్ళకు అందనప్పుడు ముంజేతులతో లేపడం నామోషీ కాదు.

సెలక్షన్స్ రోజు వయసు ధ్రువపత్రం మర్చిపోతే ఇదంతా వృథా, ముందు రాత్రే సంచిలో పెట్టుకోవాలి. కోర్టులో ముఖపరిచయం లేని ఐదుగురిని పక్కన నిలబెడతారు. పని తెలిసిన లిఫ్టర్ వార్మప్‌లోనే వాళ్ళ పేర్లు కనుక్కుంటాడు. "అన్నా, నీకు ఎత్తు బంతి కావాలా, ఫాస్ట్ కావాలా?" అని అడుగుతాడు. కొట్టిన బంతి బయటకు పోయి తల దించుకున్నవాడికి ఆ తర్వాతి మంచి బంతి మళ్ళీ ఇస్తాడు. సెలక్టర్ చేతిలో పెన్ను కదిలేది ఇలాంటి చోటే.

లిఫ్టర్‌కు ఒక ప్రలోభం ఉంది. బంతిని లేపుతున్నట్టే ఉండి అవతలి ఖాళీ చోటికి తోసేయడం. గట్టు మీదివాళ్ళకు భలే నచ్చుతుంది. ఒకసారి చేస్తే తెలివి, ప్రతి రెండో బంతికీ చేస్తే అటాకర్లు లేవడమే మానేస్తారు. పైగా నెట్ అంచు కంటే ఎత్తులో ఉన్న బంతిని అలా తోయడం ముందు వరుసలో ఉన్నప్పుడే చెల్లుతుంది. వెనక వరుసలో ఉండి మూడు మీటర్ల గీత లోపలి నుంచి తోస్తే ఫౌల్. రొటేషన్‌లో తానెక్కడున్నాడో ఆ కుర్రాడికి గుర్తుందో లేదో సెలక్టర్‌కు అక్కడే తెలిసిపోతుంది.