కొలత కుదిరిన లెన్స్

రేంజ్‌ఫైండర్ కెమెరాకు పాత లెన్స్ కొనదలచినవారు ధరలు విచారించడానికి ముందే గ్రహించవలసిన సంగతి, ఆ కెమెరాలో ఫోటోగ్రాఫర్ కన్ను లెన్స్ గుండా చూడదన్నది. ఎస్సెల్లార్ కెమెరాలో లెన్స్ నుంచి వచ్చిన కాంతి అద్దం మీద పడి, పైనున్న పట్టకం ద్వారా కంటికి చేరుతుంది కనుక, లెన్స్ గాజు మసకబారినా, ఫోకస్ తప్పినా ఆ లోపం షట్టర్ నొక్కకముందే కొంతవరకు బయటపడుతుంది. రేంజ్‌ఫైండర్ కెమెరాలో దృశ్యాన్ని చూపే కిటికీ వేరుగా ఉంటుంది. దానికి కొంత ఎడంగా మరో చిన్న కిటికీ ఉంటుంది. ఈ రెండింటి నుంచి వచ్చిన ప్రతిబింబాలు చూపుగవాక్షం మధ్యలో ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చున్నప్పుడు వస్తువు దూరం తేలినట్లు లెక్క. లెన్స్ ఫోకస్ వలయాన్ని తిప్పినప్పుడు దాని వెనుక భాగంలోని లోహపు అంచు ముందుకూ వెనుకకూ జరుగుతూ కెమెరాలోని ఒక చిన్న మీటను నెడుతుంది. ఆ మీట కదలికే రెండో ప్రతిబింబాన్ని జరుపుతుంది. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య ఫోకస్ గురించి జరిగే ఏకైక సంభాషణ ఇదే. అందువల్ల ఇక్కడ పాత లెన్స్ విలువ సగం గాజులో ఉంటే, మిగిలిన సగం ఆ అంచు చెప్పే కొలతలో ఉంటుంది. ఆ కొలత అబద్ధమైతే సంగతి ఫిల్ము కడిగిన తరువాత గాని తెలియదు.

తక్కువ ధర లెన్సులు ఇంత విరివిగా దొరకడానికి ఒక చారిత్రక కారణం ఉంది. జర్మనీలోని వెట్జ్‌లార్ నగరంలో ఎర్నెస్ట్ లైట్జ్ సంస్థ తయారు చేసిన లైకా కెమెరాకు 1931లో మర బిగింపు ప్రమాణం స్థిరపడింది. లెన్స్ వెనుక 39 మిల్లీమీటర్ల వ్యాసం గల మర ఉంటుంది, లెన్స్ ఆనే తలం నుంచి ఫిల్ము దాకా 28.8 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. 1932లో వచ్చిన లైకా 2 కెమెరాతో రేంజ్‌ఫైండర్ లెన్స్‌కు నేరుగా జతపడింది. ఆ తరువాత సోవియట్ యూనియన్‌లోను, జపాన్‌లోను ఎన్నో కర్మాగారాలు ఇదే బిగింపును స్వీకరించి లక్షల కొద్దీ లెన్సులు తయారు చేశాయి. 1954లో ఎం3 నమూనాతో లైట్జ్ సంస్థ మరను విడిచి, తిప్పి బిగించే బయోనెట్ పద్ధతికి మారినప్పుడు ఈ దూరాన్ని 27.8 మిల్లీమీటర్లుగా నిర్ణయించింది. ఆ ఒక్క మిల్లీమీటరు తేడా పాత లెన్సులను బతికించింది. ఒక మిల్లీమీటరు మందం గల ఉంగరాన్ని అమర్చితే 1930ల నాటి లెన్స్ ఇప్పటి ఎం కెమెరా మీద ఫోకస్ కొలతతో సహా పనిచేస్తుంది. తన పాత కొనుగోలుదారులను వదిలివేయని ఈ నిర్ణయం యంత్రనిర్మాణ చరిత్రలో గౌరవించదగినది. అయితే ఆ ఉంగరాలలో రకాలున్నాయి. లెన్స్ నాభ్యంతరాన్ని బట్టి, అంటే అది దృశ్యాన్ని ఎంత విశాలంగా లేదా ఎంత దగ్గరగా చూపుతుందో తెలిపే కొలతను బట్టి, చూపుగవాక్షంలో చిత్రంలో పడే భాగాన్ని చూపే సరైన హద్దు గీతలను తెప్పించే ఉంగరాన్ని ఎంచుకోవాలి.

చౌక లెన్సుల ప్రస్తావన రాగానే మొదట వినిపించేవి సోవియట్ పేర్లే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలోని జైస్ సంస్థకు చెందిన యంత్రాలు, నమూనాలు యుద్ధ పరిహారం కింద సోవియట్ యూనియన్‌కు తరలిపోయాయి. జైస్ వారి కాంటాక్స్ కెమెరా కోసం లుడ్విగ్ బెర్టెలె 1930లలో రూపొందించిన సొనార్ లెన్స్ అక్కడ జూపిటర్-8గా (50 మి.మీ., ఎఫ్ 2), జూపిటర్-3గా (50 మి.మీ., ఎఫ్ 1.5) మరో జన్మ ఎత్తింది, ఆయన రూపొందించిన బయొగాన్ జూపిటర్-12గా (35 మి.మీ., ఎఫ్ 2.8) వచ్చింది. ఇక్కడ ఎఫ్ అంకె లెన్స్ ద్వారం ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెప్పే కొలత. అంకె చిన్నదైతే ద్వారం పెద్దది, వెలుతురు ఎక్కువ. సొనార్ వంశపు లెన్సులు పోర్ట్రెయిట్ చిత్రాలకు ఇచ్చే మృదుత్వం, నేపథ్యం కరిగిపోయే తీరు వాటి ధరకు ఎన్నో రెట్లు విలువైనవి. అయినా జూపిటర్ లెన్స్‌ను లైకా మీద బిగించి, ద్వారం పూర్తిగా తెరిచి దగ్గరి మనిషిని తీసినవారిలో చాలామంది కంటికి పెట్టిన ఫోకస్ చెవి మీదకు పోయిందని నిరాశపడుతుంటారు.

దీనికి కారణం లెన్స్ చెడిపోవడం కాదు. లైకా కెమెరా కొలత యంత్రాంగం 51.6 మిల్లీమీటర్ల నాభ్యంతరాన్ని ప్రమాణంగా తీసుకుని నిర్మితమైంది. ప్రామాణిక 50 మి.మీ. లెన్స్ ఎంత ముందుకు జరిగితే వస్తువు ఎంత దూరంలో ఉన్నట్లో ఆ ప్రమాణం నిర్ణయిస్తుంది. కాంటాక్స్ సంప్రదాయంలో పుట్టిన సొనార్ అసలు నాభ్యంతరం అంతకంటె కాస్త ఎక్కువ, 52 మిల్లీమీటర్లు దాటుతుంది. ఈ తేడా అనంత దూరంలో, అంటే కొండలు, మేఘాలు తీసేటప్పుడు కనిపించదు. వస్తువు మీటరు దూరానికి వచ్చేసరికి మాత్రం లెన్స్ ఉండవలసిన చోటికీ ఉన్న చోటికీ మధ్య దాదాపు పదో వంతు మిల్లీమీటరు ఎడం ఏర్పడుతుంది. ఎఫ్ 2 వద్ద ఫిల్ము సహించగల తప్పు సుమారు 0.06 మిల్లీమీటర్లే కనుక చిత్రం మసకబారుతుంది, ఎఫ్ 5.6కు ద్వారం మూస్తే ఆ సహనం 0.17 మిల్లీమీటర్లకు పెరిగి అదే లెన్స్ దోషరహితంగా కనిపిస్తుంది. దీనికి తోడు, ద్వారం మూసేకొద్దీ స్పష్టత తలం వెనుకకు జరిగే స్వభావం సొనార్ నిర్మాణంలోనే ఉంది. లెన్స్ లోపల సన్నని లోహపు పలకలను చేర్చి లేదా తీసివేసి దగ్గరి దూరాలకు సరిచేసే నిపుణులు ఉన్నారు. అయితే ఆ సవరణకు మరో మూల్యం ఉంటుంది, దగ్గర సరిపడితే అనంతం వద్ద కొంత లోటు పడుతుంది. ఈ లెక్క తెలిసి కొన్నవారికి జూపిటర్-8 అద్భుతమైన సాధనం. తెలియక కొన్నవారు మంచి లెన్స్‌ను నిందించి అమ్మివేస్తారు, అదే లెన్స్ మరొకరి చేతిలో మళ్లీ అదే నిందకు గురవుతుంది.

ఇదే సోవియట్ కుటుంబంలోని ఇండస్టార్-61కు (55 మి.మీ., ఎఫ్ 2.8) ఆకర్షణ తక్కువ, నమ్మకం ఎక్కువ. 1902లో జైస్ సంస్థలో పాల్ రుడోల్ఫ్ రూపొందించిన టెస్సార్ నిర్మాణాన్ని, అంటే నాలుగు గాజుల సరళమైన అమరికను, లాంథనం కలిసిన గాజుతో చేసిన లెన్స్ ఇది. ఇక జూపిటర్-12 విషయంలో ఒక హెచ్చరిక అవసరం. దాని వెనుక గాజు కెమెరా లోపలికి ఎంతో లోతుగా చొచ్చుకుపోతుంది. లైకా ఎం5, లైకా సిఎల్ నమూనాలలో వెలుతురు కొలిచే సాధనం ఒక చేతిలా లేచి షట్టర్ ముందు నిలుస్తుంది కనుక వాటికి ఈ లెన్స్ బిగించరాదు.

జపాన్ లెన్సుల కథ 1950లో ప్రపంచానికి తెలిసింది. లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నిప్పాన్ కొగాకు సంస్థ నిక్కోర్ లెన్సులను పరీక్షించి, వాటిని తన లైకాలకు బిగించి కొరియా యుద్ధాన్ని చిత్రించడంతో జర్మన్ లెన్సులకు సాటి లేదన్న నమ్మకం సడలింది. ఆ నిక్కోర్‌లకు సేకరణకర్తల గిరాకీ పెరిగింది. సామాన్య కొనుగోలుదారుకు అందుబాటులో నిలిచినవి ఎక్కువగా కేనన్ లెన్సులు. హిరోషి ఇతో రూపకల్పన చేయగా 1951లో సెరెనార్ పేరుతో వచ్చిన 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్, తరువాత కేనన్ పేరుతోనే కొనసాగి, లైకా ప్రమాణానికి లోబడిన కొలత కావాలనుకునేవారికి ఈనాటికీ ఉత్తమమైన చౌక బేరంగా నిలుస్తోంది. దానికున్న ప్రసిద్ధమైన జబ్బు ద్వారం వెనుకనున్న గాజు మీద పేరుకునే తెల్లని మసక. తొలిదశలో అది శుభ్రపరిస్తే పోతుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే గాజునే కొరికివేస్తుంది, అప్పుడు శుభ్రపరచడానికి ఏమీ మిగలదు. ఈ లెన్స్ కొనేటప్పుడు తక్కిన పరీక్షలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క గాజును చూడడం ఒక ఎత్తు.

వెడల్పైన ద్వారం మీది మోజే కొనుగోలుదారుల డబ్బును ఎక్కువగా వృథా చేస్తుందని చెప్పక తప్పదు. ఎఫ్ 1.2, ఎఫ్ 1.4 లెన్సుల ధర ఎఫ్ 2, ఎఫ్ 2.8 లెన్సుల కంటె చాలా ఎక్కువ. అయితే వాటిని పూర్తిగా తెరిచి ఫోకస్ చేయగల సామర్థ్యం కెమెరాకు ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. రేంజ్‌ఫైండర్ ఖచ్చితత్వం రెండు కిటికీల మధ్య ఎడం మీద, చూపుగవాక్షం దృశ్యాన్ని చూపే పరిమాణం మీద ఆధారపడుతుంది. ఈ రెండింటి గుణకారాన్ని ప్రభావక ఆధారరేఖ అంటారు. లైకా ఎం3లో అది సుమారు 62 మిల్లీమీటర్లు; కొసీనా సంస్థ 2000లో తెచ్చిన బెస్సా-ఆర్‌లో సుమారు 25; మినోల్టా సహకారంతో 1973లో వచ్చిన చిన్న లైకా సిఎల్‌లో 18.9 మాత్రమే. ఆ సిఎల్‌కు తయారీదారులు జతగా ఇచ్చినవి 40 మి.మీ. ఎఫ్ 2, 90 మి.మీ. ఎఫ్ 4 లెన్సులు. తమ యంత్రం ఎంతవరకు కొలవగలదో వారికి బాగా తెలుసు. అటువంటి కెమెరాకు ఎఫ్ 1.2 లెన్స్ కొనడం, గజంబద్దతో బంగారం తూయాలనుకోవడం వంటిది. ఆ 40 మి.మీ. లెన్స్, దాని సోదరి మినోల్టా ఎం-రోకోర్ మాత్రం పెద్ద ఎం కెమెరాల మీద కూడా పనికివస్తాయి. అక్కడ 50 మి.మీ. హద్దు గీతలు కనిపిస్తాయి కనుక చిత్రంలో గీతల వెలుపలి దృశ్యం కొంత చేరుతుందని గుర్తుంచుకుంటే చాలు.

లైట్జ్ లెన్సులే కావాలనుకునే తక్కువ బడ్జెట్ వారికి కూడా దారి ఉంది. 90 మి.మీ. ఎఫ్ 4 ఎల్మార్, 135 మి.మీ. హెక్టార్ వంటి దూరపు లెన్సులకు గిరాకీ తక్కువ. చిన్న హద్దు గీతలలో దృశ్యాన్ని కూర్చడం చాలామందికి ఇష్టం ఉండదు. 35 మి.మీ. గీతలు లేని ఎం3 కోసం కళ్లజోడు వంటి అదనపు గాజులతో వచ్చిన సుమరాన్ లెన్స్ కూడా, చూడడానికి ఇబ్బందిగా ఉన్నదన్న కారణంతోనే, కళ్లజోడు లేని దానికంటె చౌకగా దొరుకుతుంటుంది. 1933 నాటి సుమార్, 1949 నాటి సుమరిట్ లెన్సుల ముందుతలాలు మెత్తనివి. దశాబ్దాల పాటు చొక్కా అంచులతో తుడిచిన గీతలు వాటి మీద వలలా అల్లుకుని ఉంటాయి. ధర చూసి తొందరపడవద్దు. ఎదురు వెలుతురులో ఆ గీతలు చిత్రమంతటా తెల్లని తెరను పరుస్తాయి.

గాజును పరీక్షించడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు, చిన్న టార్చి చాలు. ద్వారం పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చి వెలుతురు వేసి, ముందు నుంచి కాస్త వాలుగా చూస్తే మసక పొగలా, ఫంగస్ సాలెగూటి పోగుల్లా, రెండు గాజులను అతికించిన జిగురు విడిపోవడం అంచున ఇంద్రధనుస్సు రంగుల్లా కనబడతాయి. నాలుగైదు ధూళి రేణువులు ఏ హానీ చేయవు. ముందు గాజు మీది ఒకటి రెండు గీతల కంటె వెనుక గాజు మీది ఒక్క గీత ప్రమాదకరం. ఫంగస్ ఉన్న లెన్స్‌ను ఎంత చౌకగా ఇచ్చినా, ముఖ్యంగా కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీరప్రాంతాల వారు తీసుకోకపోవడమే మంచిది. ఆ గాలి తేమకు అది మళ్లీ వ్యాపిస్తుంది, బీజాలు పక్కనున్న లెన్సులకూ చేరగలవు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలిచేలా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ ఉంచి, చిన్న తేమమాపకాన్ని దానిలో పెట్టుకోవడం తీరప్రాంతంలో లెన్స్ ధరలోనే భాగంగా లెక్కించవలసిన ఖర్చు. ఫోకస్ వలయం బిగుసుకుపోతే ఎండిన గ్రీజు కారణం, దానికి చికిత్స ఉంది. వలయం ఊగిసలాడితే మరచుట్లు అరిగినట్లు, దానికి చికిత్స లేదు.

లెన్స్‌తో పాటు వచ్చే చిల్లర ఖర్చులను కూడా ముందే కూడుకోవాలి. కేనన్ 50 మి.మీ. ఎఫ్ 1.8కు ఫిల్టర్ వ్యాసం 40 మిల్లీమీటర్లు, అది దుకాణాలలో సులభంగా దొరకని కొలత, జూపిటర్-8కు 40.5, అది సులభంగా దొరుకుతుంది. పాత పూతలకు ఎదురు వెలుతురును అడ్డుకునే శక్తి తక్కువ కనుక హుడ్ తప్పనిసరి. బిగింపు ఉంగరం, శుభ్రపరిచే కూలి, విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలిపి చూస్తే, కొసీనా సంస్థ 1999 నుంచి ఫోయిక్ట్‌లాండర్ పేరుతో తయారు చేస్తున్న లెన్సులలో ఒకటి, ఉదాహరణకు 35 మి.మీ. ఎఫ్ 2.5 కలర్-స్కోపార్, వాడినదే అయినా మెరుగైన బేరంగా తేలే సందర్భాలున్నాయి.

మొదటిసారి కొనేవారికి ఈ కాలమ్ సలహా స్పష్టమైనది. ద్వారం ఎఫ్ 1.8కు మించి తెరుచుకోని, గాజు స్వచ్ఛంగా ఉన్న, కెమెరాలో ఇప్పటికే ఉన్న హద్దు గీతలకు సరిపడే ఒక్క లెన్స్ కొనండి. రెండోది ఏడాది తరువాత చూసుకోవచ్చు. డబ్బు చెల్లించకముందు తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో అమ్మేవారిని అడగండి. ఆ గడువులోగా దూరపు గోపురాన్నో, సెల్ టవర్‌నో అనంతం గుర్తు వద్ద చూసి రెండు ప్రతిబింబాలు కలుస్తున్నాయో లేదో గమనించండి. తరువాత ఒక స్కేలును బల్ల మీద ఏటవాలుగా పెట్టి, మధ్య అంకె మీద ఫోకస్ చేసి, మీటరు దూరం నుంచి ద్వారం పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్ 4 వద్ద ఒకటి, ఎఫ్ 5.6 వద్ద ఒకటి తీసి, ఆ రోలు వెంటనే కడిగించండి. స్పష్టత మధ్య అంకె మీదనే నిలిస్తే లెన్స్‌ను ఉంచుకోండి. తెరిచిన ద్వారం వద్ద అది ముందుకో వెనుకకో జరిగితే, సరిచేసే నిపుణుడు అందుబాటులో లేనప్పుడు, ధర ఎంత తక్కువైనా తిరిగి ఇచ్చివేయండి.