పెత్రమాస నుంచి దీపావళి దాకా: భయపడటానికో పుస్తకం

అక్టోబరు చివరి వారం వచ్చిందంటే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల రిసెప్షన్లలో నారింజరంగు గుమ్మడికాయలు కోరలు చూపిస్తుంటాయి. గ్లాసు తలుపులకు ప్లాస్టిక్ సాలెగూళ్లు, క్యాంటీన్‌లో వేలాడే అస్థిపంజరం, శుక్రవారం అందరూ నల్లబట్టల్లో రావాలని హెచ్‌ఆర్ వాళ్ల మెయిలు. దానికి కాస్త ముందే, దసరాకి, అదే గేటు ముందు ఇంకో గుమ్మడికాయ పగిలి ఉంటుంది. ఆయుధపూజ అయ్యాక సర్వర్ గదికీ డైరెక్టరు గారి కారుకీ కలిపి దిష్టి తీసి, కుంకుమ పూసి, కర్పూరం వెలిగించి రోడ్డు మీద కొట్టిన బూడిద గుమ్మడికాయ అది. రెండు కాయల ఉద్యోగమూ ఒకటే, చెడును గడప అవతలే ఆపడం. ఒకటి అమెరికా క్లయింటు వెంట వచ్చింది, రెండోది ఎప్పట్నుంచో ఇక్కడే ఉంది.

ఈ రోజుల్లోనే ‘మంచి దయ్యాల పుస్తకం ఏదైనా చెప్పండి’ అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. హాలోవీన్‌కి పుస్తకం వెతుక్కోవడం మనకు అరువు సరదా అని కొట్టిపారేసే పెద్దలూ ఉన్నారు. వాళ్లు ఒకసారి పంచాంగం తిరగేయాలి. భాద్రపద బహుళ పక్షమంతా పితృపక్షం. దాని చివర వచ్చే మహాలయ అమావాస్యను తెలంగాణలో పెత్రమాస అంటారు. పోయినవాళ్ల పేరు తలచుకుని పొద్దున బియ్యం, కూరగాయలు ఇచ్చిన ఇంట్లోనే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. అక్కడి నుంచి సరిగ్గా ఒక చాంద్రమాసం నడిస్తే నరక చతుర్దశి, దీపావళి అమావాస్య. ఆ చీకటి పడే వేళ గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగించి తిప్పడం పల్లెల్లో ఇంకా ఉంది. పితృదేవతలకు వెలుగు చూపించే ఉల్కాదానమే దాని మూలమని పెద్దలు చెబుతారు. బెంగాలీలు దీపావళి ముందురోజును భూత చతుర్దశి అనే పిలుస్తారు, పద్నాలుగు దీపాలు పెడతారు. రెండు అమావాస్యల మధ్య ఉన్న ఈ ఆశ్వయుజ మాసంలో రాత్రులు పొడుగవుతాయి, వానలు వెనక్కి తగ్గుతాయి, పోయినవాళ్లు గుర్తొస్తారు. భయపెట్టే పుస్తకం పట్టుకోవడానికి ఇంతకంటే మంచి నెల మన క్యాలెండర్‌లో లేదు.

ఇక పుస్తకం సంగతి. మన దయ్యాల కథలకు మూలపురుషుడు ఎవరంటే నేను గుణాఢ్యుడి పేరు చెబుతాను. కథాసరిత్సాగరం చెప్పే ప్రకారం ఆయన శాతవాహన రాజు ఆస్థానంలో ఉండేవాడు. పందెంలో ఓడి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదులుకోవాల్సి వచ్చింది. అడవికి పోయి, పిశాచాల దగ్గర నేర్చుకున్న పైశాచీ భాషలో, సిరా దొరక్క తన నెత్తురుతో, ఏడు లక్షల శ్లోకాల కథ రాశాడు. రాజు దాన్ని చీదరించుకున్నాడు. కవి గుట్టమీద నిప్పు రాజేసి ఒక్కో పత్రం చదువుతూ మంటలో వేస్తుంటే అడవి జంతువులు మేత మానేసి చుట్టూ నిలబడి కన్నీళ్లతో విన్నాయి. రాజుకు సంగతి తెలిసి పరుగున వచ్చేసరికి మిగిలింది లక్ష. అదే బృహత్కథ. ఆ బృహత్కథ కూడా ఇప్పుడు మనకు లేదు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు సంస్కృతంలో తిరగరాసిన కథాసరిత్సాగరం లాంటివే దక్కాయి. ఈ వృత్తాంతం చరిత్రా కాదా అన్నది వేరే చర్చ. దయ్యాల భాషలో రాసిన పుస్తకాన్ని గట్టిగా చదివితే వినడానికి అడవి ఆగిపోయిందన్న ఊహ మాత్రం ఏ హారర్ రచయితకీ తట్టనంత గొప్పది.

ఆ సోమదేవుడి సాగరంలోనే బేతాళుడి పాతిక కథలూ ఉన్నాయి. మనలో చాలామంది వాటిని చందమామలో చదివి, పిల్లల సరుకని పక్కన పెట్టేశాం. పెద్దయ్యాక మళ్లీ చదవాలి. శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, దాన్ని నోరు మెదపకుండా మోసుకు రావలసిన రాజు. శవంలోని బేతాళుడు కథ చెబుతాడు, చివర చిక్కుప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఈ కట్టుబాటులోని తెలివి చూడండి. భుజం మీద శవం ఉన్న సంగతి పాఠకుడు నాలుగు వాక్యాల్లో మరిచిపోతాడు, వాడి బుర్రంతా ప్రశ్న మీదే ఉంటుంది. ప్రశ్న ముగియగానే శవం గుర్తొస్తుంది. చివరి కథలో రాజుకు జవాబు తెలియదు. తండ్రీకొడుకులు దారిలో కనిపించిన అడుగుజాడల్ని నమ్మి తల్లీకూతుళ్లను తారుమారుగా పెళ్లాడితే వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజు మొదటిసారి నిజంగా మౌనంగా నడుస్తాడు. రాజును కాపాడింది కత్తి కాదు, జవాబు లేకపోవడం.

1947లో మొదలైన చందమామ ఈ చట్రాన్ని దశాబ్దాల పాటు నడిపింది. అసలు పాతిక కథలూ అయిపోయాక వేరే కథల్ని బేతాళుడి నోట పెట్టింది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు కావడం నాకు భలే ఇష్టమైన విషయం. దయ్యాల్ని నమ్మని మనిషి తెలుగు పిల్లలకు నెలనెలా దయ్యాన్ని పంపించారు. ఖడ్గం పట్టి, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్ 2020లో పోయారు. ఆ బొమ్మ చూసి భయపడనివాళ్లు మా తరంలో తక్కువ.

నేను పుస్తకం ఎంచుకునే పద్ధతి బేతాళుడి దగ్గర నేర్చుకున్నదే. ఇది నన్ను ఏ ప్రశ్నతో వదిలిపెడుతుంది? దయ్యం ఎంత పొడుగు, గోళ్లు ఎంత, నెత్తురు ఎన్ని బకెట్లు అన్నవి తర్వాతి సంగతులు. అట్ట మీద పుర్రె ఉన్నంత మాత్రాన లోపల భయం ఉన్నట్టు కాదు. చివరి పేజీలో అన్నిటికీ జవాబు అప్పజెప్పే పుస్తకం తెల్లారేసరికి గుర్తుండదు.

ఈ తూకంలో తెలుగువాళ్లు అన్నిటికంటే ముందు పెట్టే పుస్తకం తులసిదళం. యండమూరి వీరేంద్రనాథ్ దాన్ని 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికకు సీరియల్‌గా రాశారు. దానికి కొనసాగింపు తులసి. ఆ కొనసాగింపు ఆధారంగానే 1986లో కాష్మోరా సినిమా వచ్చింది. తులసిదళం వచ్చే వారపత్రిక ఆలస్యమైతే బడ్డీకొట్టు దగ్గర నిలబడి ఎదురుచూసిన కాలమది. ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి బైండు చేయించుకున్న ఇళ్లు ఎన్నో. అద్దె పుస్తకాల షాపుల్లో దానికోసం పేరు రాయించుకోవాల్సి వచ్చేది. దాని బలం క్షుద్రపూజల వర్ణనలో ఉందని అందరూ అనుకుంటారు. నా లెక్కలో బలం వేరే చోట ఉంది. అంతుపట్టని జబ్బుతో ఒక పసిపిల్ల. ఒక పక్క మంత్రం, ఇంకో పక్క వైద్యం, హిప్నాటిజం. రెండు దారులూ ఒకేసారి తెరిచి పెట్టి, పాఠకుణ్ణి మధ్యలో నిలబెట్టి, వారం వారం ఒక్కో అడుగు వేయించాడు రచయిత. ఇప్పటివాళ్లు దాన్ని ఒక్క ఆదివారం కూర్చుని నమిలేసి ‘అంత భయం వేయలేదండీ’ అంటారు. ఎలా వేస్తుంది? ఆ కథను వారం రోజుల ఎడంతో భయపెట్టేలా కట్టారు. ఈ ఆశ్వయుజంలో చదవాలనుకుంటే రాత్రికి రెండు మూడు అధ్యాయాల చొప్పున చదివి, ఎంత ఆత్రం ఉన్నా మూసేయండి.

దాన్ని చదివాక, లేదా ముందే, రంగనాయకమ్మ విమర్శ కూడా చదవాలి. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఆ పుస్తకానికి పేరే అలా పెట్టారు ఆవిడ. చేతబడిని నిజమన్నట్టు చూపించే రచన సమాజానికి చేటన్నది ఆవిడ వాదన. నవల పనితనాన్ని ఆవిడ చూసిన కంటితో నేను చూడలేను గానీ, ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోలేను. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టారు, పళ్లు పీకారు, చంపారు. మనం ఏసీ గదిలో సరదాకి తిరగేసే పేజీ ఇంకోచోట ఒక ముసలావిడ మీద సాక్ష్యమవుతుంది.

అందుకని ఎంపికలో రెండో పరీక్ష పెట్టుకున్నాను. పుస్తకం ప్రశ్న వేస్తోందా, లేక ఎవరినో వేలెత్తి చూపిస్తోందా? దిక్కులేని వితంతువు, నల్లగా ఉన్న కూలీ, ఊరి చివర వాడ, వాళ్ల కులదేవత... వీటిని చూపించి ‘అదుగో చెడు’ అనే నవలలు మన పాత పుస్తకాల గుట్టల్లో చాలానే ఉన్నాయి. అవి చేతకాని రచనలు కూడా. భయానికి మొహం దొరికిందంటే సగం భయం పోయినట్టే, మిగిలేది కక్ష. ఈ లెక్కన ఒకప్పుడు ఇంటింటి తలుపు మీదా కనిపించిన ‘ఓ స్త్రీ రేపు రా’ అనే రాత నాకు ముచ్చటేస్తుంది. మళ్లీ ఆడదే దయ్యం అయిందన్న మాట నిజమే. అయినా ఆ దయ్యానికి చదువొచ్చు, మాట మీద నమ్మకం ఉంది, రేపు రమ్మంటే మర్యాదగా వెళ్లిపోతుంది. మరుసటి రోజూ అదే రాత చదివి మళ్లీ నమ్ముతుంది. ఎవరూ దాన్ని కొట్టనక్కర్లేదు.

హైదరాబాదు పాఠకుడికి ఒక్క కథే చెప్పమంటే మాత్రం తెలుగు కానిది చెబుతాను. రవీంద్రనాథ్ టాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణ్’, ఇంగ్లీషులో ‘ది హంగ్రీ స్టోన్స్’. కథానాయకుడు నిజాం సర్కారు కొలువులో చేరి, బరీచ్ అనే చోట పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి. నది ఒడ్డున పాడుబడ్డ పాలరాతి మహల్లో మకాం పెడతాడు. పగలు లెక్కలు, రసీదులు. చీకటి పడితే వందల ఏళ్ల కిందటి అందెల చప్పుడు. తీరని కోరికలు ఇంకిన రాళ్లు బతికున్నవాణ్ణి మింగేయాలని చూస్తాయి. పగలు ఒక దేశపు కొలువు, రాత్రి ఇంకో లోకపు బతుకు, నిద్ర చాలని కళ్లు: షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఆ ఉద్యోగి ఎవరో వెంటనే తెలిసిపోతాడు. పైగా ఈ కథంతా రైలు కోసం ఎదురుచూస్తూ స్టేషన్‌లో ఒక అపరిచితుడు చెబుతున్నది. అసలు గుట్టు విప్పబోయేసరికి రైలు వస్తుంది, ఆయన ఎక్కేస్తాడు. ప్రశ్న మన దగ్గర మిగిలిపోతుంది. ఖాజాగూడ గుట్టల వైపు కిటికీ ఉన్నవాళ్లు దీన్ని అక్కడే కూర్చుని చదవాలి. 250 కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైట్ బండల్ని పేల్చే మనం కట్టుకున్నాం ఈ అద్దాల మేడల్ని. ఆకలి రాళ్లదో మనదో కథ అయ్యాక ఆలోచించుకోవచ్చు.

పడమటి పుస్తకాల గురించి రెండు ముక్కలే. హెన్రీ జేమ్స్ ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ (1898) తులసిదళం అభిమానులకు నచ్చాలి. అక్కడా పిల్లలే, అక్కడా దయ్యమా మనసు భ్రమా అన్న రెండు దారులే. ఎం.ఆర్. జేమ్స్ కేంబ్రిడ్జిలో క్రిస్మస్ రాత్రుల్లో మిత్రులకు కొవ్వొత్తి వెలుగులో చదివి వినిపించడానికి రాసుకున్న కథల తొలి సంపుటం 1904లో వచ్చింది. ఆయన కిటుకు ఒకటుంది. చోటు పాఠకుడికి బాగా తెలిసినదై ఉండాలి, అప్పుడే ‘ఇది నాకూ జరగొచ్చు’ అనిపిస్తుంది.

మనకు కొరత అక్కడే. 1998 నవంబరులో మాదాపూర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేదాకా ఇక్కడ ఉన్నవి బండలు, తుప్పలు. తర్వాత పాతికేళ్లకు పైగా లక్షల మంది ఇక్కడ రాత్రుళ్లు మేలుకున్నారు. పాత కథల్లో దయ్యాలు తిరిగే వేళ వీళ్లకు కాఫీ విరామం. అయినా సెల్లార్‌లో చివరి కారు, ఎవరూ నొక్కకుండా ఆగిన లిఫ్టు, సగం అమ్ముడుపోని టవర్‌లో ఒంటరి ఫ్లాటు... వీటి మీద నిద్ర చెడగొట్టే తెలుగు పుస్తకం ఇంకా నా కంట పడలేదు. మర్రిచెట్టు, పాడుబావి దగ్గరే ఆగిపోయాం. మర్రిచెట్టును గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్లలో తప్ప చూడని కుర్రవాడు దానికెందుకు భయపడతాడు?

ఇక చదివే తీరు. క్యాబ్‌లో ఇంటికి పోయేవాళ్లకు చెవిలో వినిపించే కథ మేలు. కాకపోతే చిన్న కథే పెట్టుకోవాలి, అది ఇల్లు చేరేలోపు ముగిసి, గేటు నుంచి తలుపు దాకా నడిచే దూరం మిగలాలి. గదిలో చదివేవాళ్లు ఫోన్‌లో కాకుండా కాగితం మీద చదివితే మంచిది. ఉత్కంఠ మధ్యలో డెలివరీ బాయ్ ఫోను వస్తే బేతాళుడైనా ఏం చేస్తాడు? కాగితం కోసం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగితే కోఠి. అక్కడి పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్. బైండు చేసిన సీరియల్ దొరికితే బేరం ఆడకుండా తీసుకోండి. ఆ పేజీల వెనక ఉన్న సబ్బు ప్రకటన, జ్యోతిషం, పాఠకుల ఉత్తరాలు కూడా మీవే. కొనలేనివాళ్లకు సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం గ్రంథాలయం దగ్గర్లోనే ఉంది.

నెలంతా భయమే అయితే మొద్దుబారుతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ తేలికవి, బేతాళ కథలు, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీలు పెట్టుకోండి. దసరా దాటాక పెద్ద నవల. దీపావళి ముందు రెండు మూడు రాత్రులకు టాగూర్ లాంటి చిన్నదీ పదునైనదీ ఒకటి దాచుకోండి.

పిల్లలుంటే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదవడమే సరైన పద్ధతి. కథ ప్రశ్న దగ్గరికి రాగానే పుస్తకం మూసి, విక్రమార్కుడి జవాబు చదవకుండా పిల్లల్నే అడగాలి. వాళ్లు కొట్లాడుకుంటారు, రాజు చెప్పింది తప్పని తేలుస్తారు, ఒక్కోసారి బేతాళుణ్ణే నిలదీస్తారు. నియమం ఒక్కటే: జవాబు చెప్పినవాళ్లే లైటు తగ్గించి, తర్వాతి కథ చదవాలి.