ద్వీపం అమ్మేదేమిటి? - ‘ఎ స్మాల్ ప్లేస్’ మళ్ళీ చదివాక

జమైకా కిన్‌కెయిడ్ ‘ఎ స్మాల్ ప్లేస్’ 1988లో వచ్చింది. వంద పేజీలు కూడా లేని చిన్న పుస్తకం. కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా ద్వీపంలో 1949లో పుట్టి, పదహారు పదిహేడేళ్ళకే అమెరికాలో ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్ళిన అమ్మాయి, రచయిత్రి అయ్యాక తన ఊరి గురించి కోపంగా రాసిన పుస్తకం. మొదటి పేజీ నుంచే చదివేవాళ్ళని ‘యూ’ అని పిలుస్తుంది. ఆ ‘యూ’ అప్పుడే విమానం దిగుతున్న టూరిస్టు.

తెలుగులో దీన్ని ఏమనాలి? ‘మీరు’ అంటే హోటల్లో స్వాగతం పలికే గొంతు. ‘నువ్వు’ అంటే నిలదీసే గొంతు. ఇంగ్లీషులో ఈ రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. అనువదించేవాళ్ళు ఎక్కడో ఒకచోట మీరు నుంచి నువ్వుకి దిగాల్సిందే. నేనైతే తిండి దగ్గర దిగుతాను. నువ్వు తినే ఆ ‘స్థానిక’ భోజనం మయామీ నుంచి విమానంలో వచ్చింది, నువ్వు స్నానం చేసిన నీళ్ళు నువ్వు ఈదుతున్న సముద్రంలోకే పోతున్నాయి అని ఆమె చెప్పేచోట.

పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆపేది మాత్రం హోటల్ ట్రైనింగ్ స్కూల్ ప్రస్తావన. బానిసత్వం గురించీ, 1834 నాటి విముక్తి గురించీ అంతగా తల్చుకునే జనం, మంచి సేవకులుగా ఉండటం నేర్పే బడిని చూసి ఎందుకు మురిసిపోతారు, ఈ రెంటికీ ఉన్న సంబంధం వాళ్ళకెందుకు కనపడదు అని అడుగుతుంది కిన్‌కెయిడ్.

ప్రశ్న సరైందే. కానీ ఆమె దాన్ని జనం మనస్తత్వం మీదికి నెట్టేసిందని నా ఫిర్యాదు. దీని వెనక ఒక లెక్క ఉంది. ఆంటిగ్వా విస్తీర్ణం 280 చదరపు కిలోమీటర్లు. 1970ల మొదట్లో చక్కెర పరిశ్రమ మూతపడింది. మిగిలింది ఇసక, ఎండ, నీలం రంగు నీళ్ళు. చుట్టుపక్కల ద్వీపాలన్నిటికీ ఉన్నవీ అవే. సరుకు ఒకటే అయినప్పుడు పోటీ ధర మీదికి వస్తుంది. ఆంటిగ్వా వాడే తూర్పు కరీబియన్ డాలరు 1976 నుంచీ అమెరికన్ డాలరుకి 2.70 దగ్గర కట్టేసి ఉంది. సెయింట్ లూసియా, గ్రెనడా, డొమినికాలవీ అదే నాణెం. కాబట్టి కరెన్సీ విలువ తగ్గించుకుని పక్క ద్వీపం కంటే చవకయ్యే దారి లేదు. విమాన ఇంధనం, దిగుమతి తిండి ధరలు తమ చేతుల్లో లేవు. ఇక తగ్గించగలిగినవి రెండే: హోటళ్ళ మీద పన్నులు, హోటళ్ళలో జీతాలు.

ఎవరి జీతాలు? ఇక్కడే కిన్‌కెయిడ్‌ని కిన్‌కెయిడ్‌తోనే కలిపి చదవాలి. 1978లో న్యూయార్కర్‌లో వచ్చిన ఆమె ‘గర్ల్’ కథ నిండా ఒక తల్లి కూతురికి చెప్పే జాగ్రత్తలే. ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, ఊడవడం, బల్ల సర్దడం, నచ్చనివాళ్ళని చూసి ఎంత నవ్వాలో అంతే నవ్వడం. హోటల్ ట్రైనింగ్ స్కూల్‌కి ముందే ఇంకో బడి ఉందన్నమాట. ఆ బడికి ఫీజు లేదు, అందులో నేర్చిన పనికి విలువా లేదు. పుట్టుకతో వచ్చిన గుణం అంటారు గనక హోటలువాడు దాన్ని నైపుణ్యంగా లెక్కకట్టడు. ద్వీపం తన నవ్వుని చవగ్గా అమ్ముతోందంటే ఆ నవ్వుకి పెట్టుబడి పెట్టింది తల్లులే.

ఈ సంగతి ‘గర్ల్’ రాసిన మనిషికి తెలియదని అనలేం. అయినా ‘ఎ స్మాల్ ప్లేస్’లో ఒక మంత్రికి ఎదురు సమాధానం చెప్పే తల్లి ఉంది, లైబ్రరీ కోసం తాపత్రయపడే లైబ్రేరియన్ ఉంది, పక్కలు మార్చే ఆడమనిషి మాత్రం నోరు విప్పదు. టూరిస్టు మీది కోపం అంత పెద్దది కావడంతో అతని గది ఊడ్చేది ఎవరో వెనక్కి పోయింది.

(ఆ లైబ్రరీ 1974 భూకంపంలో దెబ్బతింది. కొత్త భవనం తెరిచేసరికి 2014. కడుతున్న హోటళ్ళకి ఈ ఆలస్యం ఎప్పుడూ జరగలేదు.)

ఇసక తర్వాత అమ్మకానికి వచ్చింది పౌరసత్వం. పెట్టుబడి పెట్టినవాళ్ళకి పాస్‌పోర్టు ఇచ్చే పథకం ఆంటిగ్వా 2013లో మొదలుపెట్టింది. అక్కడా పక్క ద్వీపాలతో ధరల పోటీయే. చివరికి 2024లో ఆంటిగ్వా, డొమినికా, గ్రెనడా, సెయింట్ కిట్స్ కూర్చుని, రెండు లక్షల డాలర్లకి తగ్గకూడదని ఒప్పందం చేసుకున్నాయి. పోటీని ఆపడం అసాధ్యమేమీ కాదన్నమాట! గదులు శుభ్రం చేసే జీతానికి ఈ ద్వీపాలన్నీ కలిసి అలాంటి హద్దు గీసుకున్నట్టు నేనెక్కడా చదవలేదు.

స్టెఫనీ బ్లాక్ 2001లో తీసిన ‘లైఫ్ అండ్ డెట్’ డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం ఈ పుస్తకం ఆధారంగా కిన్‌కెయిడే రాసింది. ద్వీపం మాత్రం మారింది, అది జమైకా. అక్కడా టూరిస్టుని ‘యూ’ అంటూనే ఉంటుంది. అయితే అందులో కింగ్‌స్టన్ ఫ్రీజోన్‌లో బట్టలు కుట్టే ఆడవాళ్ళు తమ జీతం గురించి తామే మాట్లాడతారు. పాఠం చెప్పేటప్పుడు నేను సినిమా ముందు చూపించి, పుస్తకం తర్వాత తెరుస్తాను.