సొంత సినిమా, సొంత గొంతు

పాడేవాడు నిర్మాత కావాలనుకుంటే ఏం నిర్మించాలి? రాకెన్‌రోల్ తొలినాళ్ల అమెరికాలో జవాబు సులువు: రికార్డు. 1957లో ‘యూ సెండ్ మీ’తో పేరు తెచ్చుకున్న శామ్ కుక్ కొద్దికాలానికే సొంత రికార్డు కంపెనీ పెట్టి తోటివాళ్ల చేత పాడించాడు. మద్రాసులో ఘంటసాలకు ఆ దారి లేదు. ఇక్కడ పాటకు గిరాకీ సినిమాలోనే కాబట్టి, తన పాట కోసం సినిమా మొత్తాన్నీ నెత్తికెత్తుకోవాలి. అలా ఇంటి బ్యానరు మీద ‘పరోపకారం’ (1953), ‘సొంత ఊరు’ (1956) వచ్చాయి. డబ్బు పోయింది. ‘సొంత ఊరు’లో హీరో ఎన్టీఆర్. 2022 నుంచి నందిగామ, జగ్గయ్యపేట ఆయన పేరున్న జిల్లాలోనే ఉన్నాయి గానీ, ఆ సినిమా గుర్తున్నవాళ్లు ఇక్కడ ఎందరు?

వ్యాపారం తెలియనివాడు చెయ్యి పెడితే అంతే అంటారు. నేను ఒప్పుకోను. కథ, తారలు, డిస్ట్రిబ్యూటర్లు అన్నీ కలిస్తేనే సినిమా; అందులో ఎంత గొప్ప గొంతైనా ఒక దినుసే. గొంతే మొత్తం సరుకైన చోట ఆయన లెక్క తప్పలేదు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ వినండి. మన మెట్ట ఊళ్ల నాటకాల్లో పద్యమంటే హార్మోనియం మీద చివరి అక్షరాన్ని పట్టుకుని, వన్స్‌మోర్ పడేదాకా రాగం లాగడం. పాత గ్రామఫోను రికార్డుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. ఘంటసాల రాగాన్ని కురచ చేసి మాటను నిలబెట్టారు. పూల గోడు మనకు అందాకే రాగం కదులుతుంది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చడం నిర్మాత పని కాక మరేమిటి? భగవద్గీత రికార్డులోనూ అంతే. 700 శ్లోకాల్లోంచి వందకు పైగా ఏరిన చెయ్యి ఎవరిదైనా, ఎక్కడ పాడాలి, తెలుగు తాత్పర్యాన్ని ఎక్కడ మామూలుగా చెప్పాలి అన్న కొలత ఆ గొంతుదే. (అర్జునుణ్ణి లేపి నిలబెట్టిన శ్లోకాలను అంతిమయాత్ర బండికి కట్టింది మాత్రం మనం.)

రికార్డులు కంపెనీవి కదా, ఆయన నిర్మాత ఎలా అవుతాడన్నది ఇంకో అభ్యంతరం. ఇది బరువైనదే. కాగితం మీద శామ్ కుక్కే నిర్మాత, ఘంటసాల కాదు. కానీ కాగితం ప్రకారం తనవైన సినిమాలు మరుగున పడ్డాయి. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాక బయటికొచ్చిన గీత, జగ్గయ్యపేట సెంటర్లో ఈ పొద్దున కూడా ఏదో ఒక మైకులో మోగే ఉంటుంది.