అన్న బండికి తమ్ముడి గేరుబాక్సు

పాత ల్యాండ్ రోవర్లు నడిపేవాళ్ళు ఇద్దరు కలిస్తే తప్పకుండా వచ్చే చర్చ ఒకటుంది: సిరీస్ టూ-ఏ బండికి సిరీస్ త్రీ గేరుబాక్సు వేయవచ్చా? వేయవచ్చు. ఇంగ్లండు పల్లెల్లోని షెడ్లలో దశాబ్దాలుగా వేస్తూనే ఉన్నారు. ఆ పనికి గట్టి మెళకువలు కావాలి. వాటిని తెలుసుకుంటే బండి మీదా, దాన్ని తయారుచేసినవాళ్ళ మీదా గౌరవం పెరుగుతుంది.

1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో లోకానికి కనిపించిన ఈ బండి 1958లో సిరీస్ టూగా, 1961లో టూ-ఏగా, 1971లో త్రీగా మారింది. త్రీ 1985 దాకా తయారైంది. ఈలోగా హెడ్‌లైట్లు నడుమ నుంచి మడ్‌గార్డుల మీదికి జరిగాయి. డ్యాష్‌బోర్డు మారింది. గ్రిల్లు ప్లాస్టిక్‌ది అయింది. 2286 సీసీ పెట్రోలు ఇంజను వెనక ముఖం, దానికి బెల్ హౌసింగ్ బిగించే బోల్టుల అమరిక మాత్రం అలాగే ఉండిపోయాయి. ఈ బండ్లు తయారైన సోలిహల్ కర్మాగారం చూపిన ఆ నిలకడ వల్లే ఒక తరం గేరుబాక్సు మరో తరం ఛాసిస్‌లో ఒదుగుతోంది.

ఇంత శ్రమ ఎందుకంటే, సింక్రోమెష్ కోసం. గేరు పడేముందు ఒక రింగు శంకువులాంటి ముఖానికి రాసుకుని, వేర్వేరు వేగాలతో తిరిగే రెండు భాగాలను సమం చేస్తుంది. అప్పుడే పళ్ళు చప్పుడు లేకుండా కలుస్తాయి. టూ-ఏలో ఈ ఏర్పాటు మూడు, నాలుగు గేర్లకే ఉంది. త్రీలో ముందుకు నడిపే నాలుగు గేర్లకూ ఉంది. టూ-ఏలో మూడు నుంచి రెండుకు దిగాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ కొద్దిగా తాకించాలి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. పాత లారీలు నడిపిన మన డ్రైవర్లు దీన్నే డబుల్ క్లచ్ అంటారు. ఘాట్ రోడ్డు మీద వాళ్ళ కాలికి అది లెక్కలోది కాదు. అందుకే నా మాట ఒకటి: ముందు డబుల్ క్లచ్ నేర్చుకోండి. పాత బాక్సు చెడిపోయిందో, మీ కాలికి ఇంకా అలవాటు పడలేదో అప్పుడు తేలుతుంది. టూ-ఏ చివరి సంవత్సరాల బాక్సు త్రీ బాక్సు కన్నా గట్టిదని చెప్పే అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. వాళ్ళతో నేనూ ఏకీభవిస్తాను.

ఇక పని దగ్గరికి వద్దాం. సీట్ల కింది పెట్టె, ఫ్లోరు రేకులు బోల్టులతో బిగించినవే కాబట్టి విప్పితే వచ్చేస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్టులు, హ్యాండ్‌బ్రేకు రాడ్డు, స్పీడోమీటరు కేబులు విడదీయాలి. హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ముందు వెనక యాక్సిళ్ళకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ బాక్సు వెనక డ్రమ్ముగా ఉంటుంది. ఆ తర్వాత గేరుబాక్సునూ ట్రాన్స్‌ఫర్ బాక్సునూ ఒకే ముద్దగా చెయిన్ పుల్లీతో లేపి, తలుపు గుండా బయటికి తెస్తారు. అంతకుముందే ఇంజను వెనక భాగం కింద జాకీ పెట్టి తీరాలి. ఇంజనూ గేరుబాక్సూ కలిసి నాలుగు రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి, వాటిలో రెండు గేరుబాక్సువి. బాక్సు తీస్తే ఇంజను వెనక్కి వాలుతుంది.

అసలు చిక్కు క్లచ్ దగ్గర. టూ-ఏ పెట్రోలు బండ్లలో ఎక్కువగా 9 అంగుళాల కాయిల్ స్ప్రింగుల క్లచ్ ఉంటుంది, త్రీలో 9.5 అంగుళాల డయాఫ్రమ్ క్లచ్. రిలీజ్ బేరింగును నెట్టే పద్ధతి కూడా వేరు. టూ-ఏలో స్లేవ్ సిలిండరు పక్కన బ్రాకెట్ మీద ఉండి అడ్డ షాఫ్టును తిప్పుతుంది. త్రీలో అది నేరుగా బెల్ హౌసింగుకే బిగిసి ఫోర్కును నెడుతుంది. పాత సగం, కొత్త సగం కలిపినప్పుడే ఎక్కువ బండ్లు చెడాయి. బెల్ హౌసింగు, ఫోర్కు, బేరింగు, స్లేవ్ సిలిండరు అన్నీ ఒకే బండి నుంచి తెచ్చుకోవాలి. క్లచ్ కవరు మీ ఫ్లైవీలుకు పొసుగుతుందో లేదో బిగించకముందే చూడాలి. ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటును డమ్మీ షాఫ్టుతో నడిమధ్యకు తేవాలి. రెండు ముఖాల మధ్య చివరి అంగుళం మూసుకోకపోతే బోల్టులు బిగించి లాగకండి, ప్లేటు వంగిపోతుంది. టాప్ గేరులో వేసి వెనక షాఫ్టును చేత్తో నెమ్మదిగా తిప్పితే స్ప్లైన్లు కలుస్తాయి, బాక్సు దానంతటదే లోపలికి వెళుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం పళ్ళ లెక్క. తొలినాటి టూ-ఏలో మొదటి గేరు నిష్పత్తి సుమారు 3, ట్రాన్స్‌ఫర్ బాక్సు లో రేంజ్ (నెమ్మది నడక) నిష్పత్తి 2.89. త్రీలో మొదటి గేరు 3.68, లో రేంజ్ 2.35. రెంటిలోనూ యాక్సిల్ నిష్పత్తి 4.7. మూడింటినీ గుణించి చూడండి: రెండు బండ్లకూ దాదాపు 40.6 వస్తుంది. ఇంజను అన్ని చుట్లు తిరిగితేనే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. గేర్లు మారినా బండి పాకే వేగం మారకుండా ఇంజనీర్లు ఎంత జాగ్రత్త పడ్డారో! అదే త్రీ బాక్సు వెనక తొలినాటి ట్రాన్స్‌ఫర్ గేర్లు కలిపితే లెక్క 50కి చేరుతుంది. రాళ్ళ మీద, నిట్టనిలువు పల్లాల్లో బ్రేకు తొక్కకుండా దిగాలనుకునేవాళ్ళు కావాలనే ఈ జోడీ కడతారు. బాక్సు నంబరు చివర కొట్టిన అక్షరం అది ఏ దశలో తయారైందో చెబుతుంది. కొనేముందు మట్టి గీకి ఆ అక్షరం చదవండి.

రోడ్డు మీద వేగం కావాలనేవారికి ఫెయిరీ ఓవర్‌డ్రైవ్ ఉంది. ట్రాన్స్‌ఫర్ బాక్సు వెనక మూత తీసి దీన్ని బిగిస్తే, అదే ఇంజను వేగానికి బండి పావు వంతుకు పైగా జోరందుకుంటుంది. ఛాసిస్‌ను కోసే పని లేదు.

1983లో వచ్చిన ల్యాండ్ రోవర్ వన్ టెన్ బండి అయిదు గేర్ల బాక్సు కూడా సిరీస్ బండ్లకు ఎక్కిస్తుంటారు. నేను అంత తేలిగ్గా సరేననను. అది పొడుగు, అందువల్ల క్రాస్ మెంబరూ షాఫ్టులూ మార్చాలి. పైగా దాని ట్రాన్స్‌ఫర్ బాక్సు నాలుగు చక్రాలనూ ఎప్పుడూ తిప్పుతుంది. సిరీస్ ముందు యాక్సిల్లో ఉన్నవి మామూలు యూనివర్సల్ జాయింట్లు. చక్రం వంపు తిరిగినప్పుడు వాటి వేగం ఎగుడుదిగుడవుతుంది, స్టీరింగు అదురుతుంది. 1979లో స్టేజ్ వన్ వీ8 బండికి ఎప్పుడూ నాలుగు చక్రాల నడక ఇచ్చినప్పుడు కంపెనీ సమవేగ జాయింట్లు వేసింది అందుకే.

మన దేశంలో ఈ పనితనం ఇప్పటికీ పొట్టకూడు పెడుతున్న చోటు డార్జిలింగ్ కొండల్లోని మానేభంజాంగ్. అక్కడి నుంచి 3636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూ దాకా 31 కిలోమీటర్ల కొండదారిలో 1950ల నాటి ల్యాండ్ రోవర్లు నేటికీ యాత్రికులను మోస్తున్నాయి. చాలావాటిలో ఇంజను ఎప్పుడో మారిపోయి భారతీయ డీజిల్ చేరింది. వంశపారంపర్యంగా బండ్లు నడుపుతున్న ఆ డ్రైవర్లు విడిభాగాలు దొరక్కపోయినా మార్పిడులతోనే వాటిని బతికిస్తున్నారు. 2008లో టాటా మోటార్స్ కొన్న కంపెనీకి ఇంతకన్నా గొప్ప ప్రచారం లేదు.

మార్పిడి చేయదలచినవారికి నా విన్నపాలు ఇవి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకు హద్దులు పెట్టింది కాబట్టి ముందు ఆర్టీఓ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. తీసేసిన పాత బాక్సును తుక్కు కింద అమ్మకండి. నూనె నింపి, నంబరు రాసిన చీటీ కట్టి, షెడ్డులో పొడి చోట భద్రపరచండి. రేపు బండి కొనేవారికి దాన్నీ కలిపి ఇవ్వండి.