మద్రాసు విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర శాఖ: గ్రామసర్వేల పరంపర, దాని పరిమితులు

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయ శాఖల చరిత్రలు సాధారణంగా శాఖాధ్యక్షుల వరుసగా, వారి పదవీకాలాల పట్టికగా మిగిలిపోతున్నాయి. మద్రాసు విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర శాఖ తొలి పాతికేళ్ల కృషిని తీసుకొని, ఆ శాఖ వారసత్వాన్ని ఆచార్యుల కీర్తిలో కంటే 1916లో మొదలైన గ్రామసర్వేల్లో వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ సర్వేల దృష్టిలోని లోపాలను, తెలుగు ప్రాంతంలో అటువంటి పని ఎక్కువగా అర్థశాస్త్ర శాఖల వెలుపల సాగిన తీరును పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గిల్బర్ట్ స్లేటర్, పి.జె. థామస్, గ్రామసర్వే, పునఃసర్వే, ఎన్.జి. రంగా, అనంతవరం.

1. ఉపోద్ఘాతం

స్వర్ణోత్సవమో శతజయంతో వచ్చినప్పుడు విశ్వవిద్యాలయాల్లో శాఖల చరిత్రలు వెలువడతాయి. శాఖ ఏ సంవత్సరంలో ఏర్పడింది, తొలి ఆచార్యులెవరు, ఎవరి తర్వాత ఎవరు అధ్యక్షులయ్యారు, ఎన్ని పిహెచ్.డి. పట్టాలు ఇచ్చారు, పూర్వవిద్యార్థుల్లో ఎవరెవరు ఉన్నత పదవులు అలంకరించారు అన్నవి వాటిలో ముఖ్యాంశాలు. ఈ వివరాలు అవసరమే. అయితే వీటిని చదివిన పరిశోధకునికి ఆ శాఖ ఏ ప్రశ్న వేసింది, ఆ ప్రశ్నకు సమాధానం ఎలా వెతికింది, తర్వాతి తరం ఆ సమాధానాన్ని సరిచూసుకోవడానికి ఏమి మిగిల్చింది అన్న సంగతి తెలియదు. మద్రాసు శాఖ విషయంలో ఈ లోటు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే అక్కడ మిగిలింది ఒక సిద్ధాంతం కాదు, ఊళ్ల పేర్లు.

2. స్లేటర్ ప్రశ్నావళి

1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయం చాలాకాలం పరీక్షలు నిర్వహించి పట్టాలిచ్చే సంస్థగానే ఉండేది. బోధన కళాశాలల పని. 1904 విశ్వవిద్యాలయాల చట్టం తర్వాత విశ్వవిద్యాలయాలు స్వయంగా ఆచార్యులను నియమించుకొని బోధన, పరిశోధన చేపట్టే మార్గం ఏర్పడింది. కలకత్తాలో 1909లో మింటో ఆచార్యపీఠం ఏర్పడగా మనోహర్‌లాల్ తొలి ఆచార్యులయ్యారు. మద్రాసులో భారతీయ అర్థశాస్త్ర పీఠానికి తొలి ఆచార్యులుగా గిల్బర్ట్ స్లేటర్ 1915లో వచ్చారు. పీఠం పేరులోని 'భారతీయ' అన్న విశేషణం ఊరికే చేరింది కాదు. ఇంగ్లండులో రూపొందిన ఆర్థిక సూత్రాలు ఈ దేశానికి యథాతథంగా వర్తించవని మహదేవ గోవింద రానడే 1892లో పూణేలో చేసిన ఉపన్యాసం నాటినుంచి ఆ వాదం బలపడుతూ వచ్చింది.

స్లేటర్ ఎటువంటి వ్యక్తి అన్నది ఇక్కడ అప్రస్తుతం కాదు. ఇంగ్లండులో గ్రామస్థుల ఉమ్మడి పొలాలకు కంచెలు వేసి సొంత కమతాలుగా మార్చుకున్న క్రమంపై ఆయన 1907లో గ్రంథం ప్రకటించారు. 1905-06లో వూలిచ్ మేయరుగా పనిచేశారు. 1909 నుంచి ఆక్స్‌ఫర్డులో కార్మికుల చదువు కోసం ఏర్పడిన రస్కిన్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. పల్లెలో భూమి ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందన్న ప్రశ్నతో ఏళ్లు గడిపిన చరిత్రకారుడు మద్రాసులో అడుగుపెట్టగానే ఊరినే పరిశోధనకు ప్రమాణంగా ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆయన అనుసరించిన పద్ధతి చాలా సాదా. ఒక ప్రశ్నావళి తయారుచేసి, సెలవులకు ఇళ్లకు వెళ్లే విద్యార్థులకు ఇచ్చి, ఎవరి ఊరి వివరాలు వారు సేకరించి తెమ్మన్నారు. భూమి, పంటలు, నీటి వసతి, పశువులు, కులాలు, వృత్తులు, కూలి రేట్లు, అప్పులు, కుటుంబ ఖర్చు వంటి అంశాలపై 1916లో మొదలైన ఈ సేకరణ 1918లో దక్షిణ భారత గ్రామాల గురించిన సంపుటంగా ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా వెలువడింది. దక్షిణార్కాటులోని ఇరువేల్పట్టు, ఉత్తరార్కాటులోని దూసి, తంజావూరులోని పాలకురిచ్చి, తిరునెల్వేలిలోని గంగైకొండాన్, రామనాథపురంలోని వడమలైపురం తర్వాతి పరిశోధకులకు 'స్లేటర్ గ్రామాలు'గా పరిచితమయ్యాయి. దాదాపు అదే కాలంలో పూణే సమీపంలోని ఒక గ్రామంపై హెరాల్డ్ మాన్ చేసిన అధ్యయనం 1917లో వచ్చింది. మాన్ పని నిపుణుల బృందం చేసిన లోతైన ఏకగ్రామ పరిశీలన. స్లేటర్ సంపుటంలో అంత లోతు లేదు. దాని బలం వేరు: వేర్వేరు వ్యవసాయ మండలాల ఊళ్లు ఒకే ప్రశ్నావళి కింద పక్కపక్కన చేరాయి.

3. చూపు ఏ వీధి నుంచి?

ఈ పద్ధతిలోని సౌలభ్యమే దాని ప్రధాన లోపం కూడా. సొంత ఊరికి వెళ్లిన విద్యార్థికి కరణం లెక్కలు చూపిస్తాడు, పెద్దరైతు అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడతాడు. పరాయి పరిశోధకునికి నెలలు పట్టే పని అతనికి వారంలో అవుతుంది. కాని 1916 నాటికి మద్రాసు విశ్వవిద్యాలయం దాకా రాగలిగినవారిలో అత్యధికులు బ్రాహ్మణులు, లేదా భూవసతి గల ఇతర కుటుంబాలవారు. ఆ విద్యార్థి తన ఇంటి జీతగాడి అప్పు గురించి ఎవరిని అడుగుతాడు? జీతగాడిని అడిగినా, యజమాని కొడుకు ముందు అతను ఏమి చెబుతాడు?

ఇరువేల్పట్టు వంటి చోట్ల అప్పుకు కట్టుబడి భూస్వామి ఇంట పనిచేసే పడియాళ్ల ప్రస్తావన సంపుటంలో ఉంది. స్లేటర్ ఆ విషయాన్ని దాటవేయలేదు, అది ఆయనకు గౌరవప్రదమే. అయినా పడియాళ్ ఆ పుటల్లో కొలతల ధాన్యంగా, తీరని బాకీగా కనిపిస్తాడు తప్ప తన పరిస్థితిని తాను వివరించే మనిషిగా కనిపించడు. సరిగ్గా ఈ దశాబ్దం ముగిశాక, 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వెలువడింది. నవలను గణాంకాలతో పోల్చడం సరికాదు గాని, పాలేరు జీవితాన్ని పల్లెలో అతని ఇంటివైపు నుంచి చూడవచ్చునన్న ఊహ ఆనాటికి అసాధ్యమైనది కాదని ఆ నవల నిరూపిస్తుంది.

భాష సంగతి మరొకటి. పడియాళ్, పాలేరు, జీతగాడు, తెలంగాణలో భగేలా అన్న మాటలు ఒకే సంబంధాన్ని చెప్పవు. ఒకదానిలో ఏడాది ఒప్పందం ప్రధానం, మరొకదానిలో తరాల అప్పు. ఆంగ్ల ప్రశ్నావళిలో ఇవన్నీ వ్యవసాయ సేవకుడు అన్న ఒకే గడిలోకి చేరే ప్రమాదం ఉంది. సమాధానాలు తమిళంలోనో మలయాళంలోనో విని ఆంగ్లంలో రాసుకున్న విద్యార్థి ఆ గీత ఎక్కడ గీశాడో తెలుసుకునే వీలు పాఠకునికి లేదు. హైదరాబాదులో 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమాన్ని ఎంచుకొని, అనువాద విభాగం ద్వారా అర్థశాస్త్రంతో సహా పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. అక్కడి రైతుల్లో అధికసంఖ్యాకుల భాష ఉర్దూ కాదన్న విమర్శ న్యాయమైనదే. అయినా శాస్త్ర పరిభాషను దేశభాషలో స్థిరపరచాలన్న సమస్యను ఉస్మానియా గుర్తించింది. మద్రాసు శాఖ దాన్ని సమస్యగానే చూడలేదు.

4. థామస్ కాలం, పునఃసర్వే

స్లేటర్ తర్వాత 1922 నుంచి 1925 వరకు ఈ పీఠంలో జాన్ మథాయ్ ఉన్నారు. స్వతంత్ర భారత ఆర్థికమంత్రిగా ఆయన ప్రసిద్ధులు కాబట్టి శాఖ చరిత్రల్లో ఆయనకు పెద్ద స్థానం దక్కుతుంది. శాఖ దృష్టితో చూస్తే ఆ మూడేళ్ల కంటే 1927లో వచ్చిన పి.జె. థామస్ కాలమే కీలకం. ఈస్టిండియా కంపెనీ వర్తకంపై 1926లో గ్రంథం ప్రకటించిన థామస్ కూడా స్లేటర్ మాదిరిగానే ఆర్థిక చరిత్రకారులు. 1825-54 మధ్య మద్రాసు రాజధానిలో ధరలు పడిపోయిన కాలంపై బి. నటరాజన్‌తో కలిసి ఆయన 1936లో రాసిన వ్యాసం, 1930ల మాంద్యాన్ని కళ్లారా చూస్తూ వందేళ్ల వెనుకటి మాంద్యాన్ని పరిశీలించిన రచన. ధాన్యం ధర సగానికి పడినా శిస్తు తగ్గకపోతే రైతు ఏమవుతాడన్నది ఆనాడు కృష్ణా, గోదావరి జిల్లాల రైతు మహాసభల్లో మారుమోగుతున్న ప్రశ్న కూడా.

1936-37లో థామస్, కె.సి. రామకృష్ణన్ కలిసి స్లేటర్ గ్రామాలను తిరిగి సర్వే చేయించారు. ఫలితాలను విశ్వవిద్యాలయం 1940లో ప్రచురించింది. ఒక భారతీయ అర్థశాస్త్ర శాఖ తన పూర్వాచార్యుని పనిని పొగిడి ఊరుకోకుండా ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని పరీక్షకు పెట్టడం విశేషం. శాఖ చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే.

అయితే ఈ పోలికను వాడుకునేవారు ఒక జాగ్రత్త పాటించాలి. 1916 మొదటి ప్రపంచయుద్ధ కాలం, 1936-37 మాంద్యం నుంచి తేరుకుంటున్న కాలం. రెండూ సామాన్య సంవత్సరాలు కావు. రెండు కొసలను మాత్రమే చూసి అప్పు పెరిగిందనో, భూమి చేతులు మారిందనో చెప్పినప్పుడు అందులో దీర్ఘకాలిక ధోరణి ఎంత, ధరల కుదుపు ఎంత అన్నది తేలదు. ఈ సర్వేలను ఉటంకించే సిద్ధాంత గ్రంథాలు ఈ సంగతిని తరచుగా విస్మరిస్తాయి.

ఆ తర్వాత పరంపర శాఖ చేతినుంచి జారిపోయింది. 1961లో కొన్ని గ్రామాలను తిరిగి చూసిన మార్గరెట్ హాస్వెల్ బయటినుంచి వచ్చినవారు. 1980ల తొలినాళ్లలో ఇరువేల్పట్టుపై ఎస్. గుహన్, జోన్ మెంచర్ చేసిన పనికి, దూసి, పాలకురిచ్చి వంటి ఊళ్ల పునఃసర్వేలకు నిలయం 1971లో మాల్కం ఆదిశేషయ్య స్థాపించిన మద్రాసు అభివృద్ధి అధ్యయన సంస్థ. 2008 నాటి ఇరువేల్పట్టును పరిశీలించిన జాన్ హారిస్, జె. జయరంజన్, కె. నాగరాజ్ వ్యాసం 2010లో వచ్చింది. పెద్ద భూస్వామి కుటుంబపు పట్టు సడలడం, వ్యవసాయేతర ఉపాధి పెరగడం, పడియాళ్ సంబంధాలు కరిగిపోవడం ఆ వ్యాసంలో చర్చకు వచ్చాయి. తొంభై ఏళ్ల మార్పును ఒకే ఊరిలో చూడగల అవకాశం ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే ఉంది. 1916లో ప్రశ్నావళి పట్టుకుని వెళ్లిన విద్యార్థికి అటువంటి ఉద్దేశం లేకపోయినా, ఆ అవకాశానికి మూలం అతని కాగితాలే.

5. తెలుగు ప్రాంతం: శాఖల వెలుపల సర్వే

వరుసగా పునఃసర్వేలకు నోచుకున్న ఆ ఐదు ఊళ్లూ నేటి తమిళనాడులో ఉన్నాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడే వరకు తెలుగు జిల్లాల విద్యార్థులదీ అదే విశ్వవిద్యాలయం. మరి తెలుగు గ్రామాల మాటేమిటి?

డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థపై ఎన్.జి. రంగా గ్రంథం మొదటి సంపుటం 1926లో బెజవాడలో అచ్చయింది. నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టి ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చిన రంగా మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించారు. స్లేటర్ విద్యార్థుల మాదిరిగానే ఆయనకూ అది సొంత నేల. తేడా ఏమిటంటే, ఆయన తన చూపు ఎటువైపుదో దాచుకోలేదు: అది రైతు చూపు. కూలివాని వైపు నుంచి అదే డెల్టా ఎలా ఉంటుందన్న ప్రశ్న ఆ గ్రంథానికి వేయవలసిందే. ఏమైనా, రంగా 1930లో కేంద్ర శాసనసభకు వెళ్లారు, నిడుబ్రోలులో రైతు పాఠశాల నడిపారు. ఆయన పని ఉద్యమంలోకి ప్రవహించింది. ఏ శాఖా దాన్ని తన పరిశోధనా కార్యక్రమంగా స్వీకరించలేదు.

హైదరాబాదు రాజ్యంలో ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో ఆర్థిక పరిశోధనలు నిర్వహించి, మళ్లీ 1949-51లో గ్రామీణ విచారణలు జరిపారు. ఆ రెంటి నడుమ తెలంగాణ సాయుధ పోరాటం, పోలీసు చర్య జరిగాయి. ఈ రెండు నివేదికలను పక్కపక్కన పెట్టి చదవవలసిన అవసరం ఇంకా తీరలేదు. శామీర్‌పేటపై ఎస్.సి. దూబే గ్రంథం 1955లో వచ్చింది. ఉస్మానియా బృందం చేసిన పనే అయినా అది మానవశాస్త్రానిది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామాల్లో 1975 నుంచి కుటుంబాల వారీగా లెక్కలు సేకరించింది ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ. వాల్తేరులోని వ్యవసాయార్థిక పరిశోధనా కేంద్రం విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉన్నా, దాని అంశాలు చాలావరకు కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖ అవసరాలను అనుసరించినవి.

అన్నిటికంటే ఆలోచింపజేసేది అప్పటి గుంటూరు జిల్లా అనంతవరం. 1974లో ఆ గ్రామాన్ని, అదే జిల్లాలోని కాజను సర్వే చేయించినవారు పుచ్చలపల్లి సుందరయ్య. రైతాంగంలో వర్గవిభజనను చూపే ఆ ఫలితాలు 1977లో 'సోషల్ సైంటిస్ట్' పత్రికలో వచ్చాయి. వి.కె. రామచంద్రన్ బృందం 2005-06లో అనంతవరానికి తిరిగి వెళ్లగలిగిందంటే, కౌలు సేద్యపు భారాన్ని, దళితుల భూమిలేమిని మూడు దశాబ్దాల దూరంతో చర్చించగలిగిందంటే అందుకు ఆధారం ఆ 1974 సర్వే. సుందరయ్య రాజకీయ నాయకులు కాబట్టి ఆ లెక్కలు పక్షపాతంతో కూడినవన్న అభ్యంతరం వినవస్తుంది. అభ్యంతరం చెప్పదగినదే. కాని స్లేటర్ విద్యార్థుల సామాజిక స్థానాన్ని, రంగా రైతు పక్షాన్ని ప్రశ్నించని పరిశోధకులు సుందరయ్యను మాత్రమే ప్రశ్నించడం పద్ధతి కాదు. వర్గాలను ఏ ప్రాతిపదికన విభజించారో ఆయన ముందే చెప్పారు. అటువంటి ప్రకటన ఉన్న సర్వేను సరిచూడడం, లేనిదాన్ని సరిచూడడం కంటే సులభం.

తెలుగు విశ్వవిద్యాలయాల్లో ప్రాథమిక సమాచారం ఆధారంగా వెలువడే పిహెచ్.డి. గ్రంథాలు ఎన్నో ఉన్నాయి. ప్రశ్నావళి అనుబంధంగా ఉంటుంది, గ్రామాల పేర్లూ ఉంటాయి. పూరించిన ప్రశ్నావళులు, కుటుంబాల జాబితాలు మాత్రం పట్టా వచ్చాక సాధారణంగా పరిశోధకుని ఇంటి అటక ఎక్కుతాయి. రంగా డెల్టా సంపుటానికి 2026తో నూరేళ్లు. ఇరువేల్పట్టుకు జరిగినట్టు ఆ ఊళ్లకు తరం తర్వాత తరం తిరిగి వెళ్లడం జరగలేదు. కాలువల కింది ఆ పొలాల్లో ఇప్పుడు చేపల చెరువులు ఎన్ని, కౌలుదారులెవరు, 1926 నాటి పాలేర్ల మనవలు ఎక్కడున్నారు అన్న ప్రశ్నలతో అక్కడికి వెళ్లవలసిన విద్యార్థులు నేడు గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు తరగతి గదుల్లో ఉన్నారు. వారిలో అనేకులు ఆ పాలేర్ల ఇళ్లనుంచి వచ్చినవారే. 1916 ప్రశ్నావళికి అందని సమాధానాలు వారి ఇళ్లలో ఉన్నాయి.