ఇల్లాలి చదువు ఎవరి చదువు?

1948లో రాధాకృష్ణన్ అధ్యక్షతన వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో పదిమంది సభ్యులు. పదిమందీ మగవాళ్ళే. అయినా స్త్రీ విద్యకు ఒక అధ్యాయమే కేటాయించారు. స్త్రీలు చదవకుండా దేశం చదువుకున్నట్టు కాదన్నారు, సమాన పనికి సమాన జీతం అన్నారు. అక్కడిదాకా పేచీ లేదు. తీరా ఆడవాళ్ళకు ఏ చదువు తగినదనే దగ్గరికొచ్చేసరికి గృహవిజ్ఞానం, నర్సింగు, టీచరు పని, లలిత కళలు. చదువుకున్న ఇల్లాలు ఇంటిని తీర్చిదిద్దుకోవాలట!

ఏ ఇల్లు? తెల్లారకముందే నాట్లకో కలుపుకో పోకపోతే పొయ్యి రాజుకోని ఇల్లయితే కాదు. మా అమ్మకు 'గృహిణి' అనే హోదా ఏనాడూ లేదు. ఇంటి పట్టునుండే అగ్రకుల స్త్రీని చూసి మొత్తం స్త్రీజాతికి సిలబస్ రాశారు.

అవే నెలల్లో ఢిల్లీలో రాజ్యాంగసభ నడుస్తూ ఉంది. అందులో ఉన్న ఒకే ఒక్క దళిత మహిళ దాక్షాయణి వేలాయుధన్. పులయ కులంలో పుట్టి, ఎర్నాకుళంలో రసాయనశాస్త్రం చదివి, దేశ చట్టం రాసే చోటికి వచ్చింది. కమిషన్ గీసిన స్త్రీ బొమ్మలో ఈమె ఎక్కడా ఇమడదు.

1986 విద్యావిధానం నాటికి భాష మారింది. స్త్రీ హోదాను మార్చే సాధనం విద్యే అంది, కోర్సుల్లో ఆడ మగ మూసలు పోవాలంది. స్త్రీల ఉద్యమాలు లేకుంటే ఈ మాటలు వచ్చేవి కావు. కాకపోతే 'స్త్రీల సమానత్వం' ఒక శీర్షిక, 'షెడ్యూల్డు కులాల విద్య' ఇంకో శీర్షిక. మొదటిదాంట్లో స్త్రీకి కులం లేదు. రెండోదాంట్లో గ్రామీణ స్త్రీ, పట్టణ స్త్రీ అని దళిత స్త్రీ కనిపిస్తుంది, కానీ లెక్కలో ఒక గడిగానే. 2020 విధానం స్త్రీలు అన్ని వర్గాల్లోనూ సగం ఉన్నారని గుర్తించింది, సంతోషమే. అయితే కులాన్ని మిగతా అన్నిటితో కలిపి 'వెనుకబాటు' అనే ఒకే మూటలో కట్టేసింది.

పంచాయతీల విషయంలో రాజ్యాంగం ఇట్లా తడబడలేదు. 1993లో అమల్లోకొచ్చిన 73వ సవరణ ఎస్సీ సీట్లలోనే మూడోవంతు ఎస్సీ స్త్రీలవని తేల్చి చెప్పింది. దళిత స్త్రీని రెండు ముక్కలు చేయకుండా ఒకే పౌరురాలిగా చూసింది. కాలేజీ ప్రవేశాల్లో మన తెలుగు రాష్ట్రాల పద్ధతి కూడా ఇదే, ప్రతి కోటాలోనూ స్త్రీలకు మూడోవంతు. ఆ చూపు సీటు దగ్గరే ఆగిపోతోంది. సీటొచ్చిన పిల్ల హాస్టలు గదికి, స్కాలర్‌షిప్‌కి, పరిశోధనకు గైడు దొరకడానికి మళ్ళీ 'స్త్రీ' అనే వరసలో ఒకసారి, 'ఎస్సీ' అనే వరసలో ఒకసారి నిలబడుతోంది.